ఆటో మైకా, పాంప్లెటా?

నల్లగొండలో మా విత్తనాల షాపు ప్రచారం కోసం ఈ రెండూ చేయించి చూశాను.

మైకు బలమంతా మళ్లీ మళ్లీ చెప్పడంలోనే ఉంది. నేర్చుకున్నది మొదట్లోనే వేగంగా మర్చిపోతామని, విరామమిచ్చి మళ్లీ చదివితే నిలుస్తుందని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ 1885లోనే తన మీద తనే పరీక్షించుకుని రాశాడు. రోజూ అదే వీధికి ఆటో వస్తే షాపు పేరు చిన్నపిల్లల నోట్లో కూడా ఆడుతుంది. చదువురాని పెద్దవాళ్లకూ చేరుతుంది. కానీ ఆటో ఆగదు. చెవిన పడేది నాలుగు ముక్కలే. పేరు, చోటు, ఒక్క ధర చాలు. ఆరు రకాలు, ఆరు రేట్లు చదివిస్తే ఒక్కటీ మిగలదు.

పాంప్లెట్ అయితే వేగం చదివేవాళ్ల చేతిలో ఉంటుంది. అర్థం కాకపోతే వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకుంటారు. కనగల్ వైపు నుంచి వచ్చిన ఒక పత్తి రైతు మా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో తెచ్చాడు. ‘ఎకరానికి ఎన్ని ప్యాకెట్లు’ అన్న లైను కింద పెన్నుతో గీత గీసి ఉంది. చెమటకు మడతల దగ్గర అక్షరాలు చెరిగినా ఆ లైను మాత్రం కనిపిస్తోంది. అది చూసి నాకు కడుపు నిండింది. అవసరం లేనివాళ్లు పారేస్తారు, అది నిజమే.

కొత్తగా షాపు తెరిస్తే మైకు పెట్టండి. కొత్త రకం విత్తనం గురించి చెప్పాలంటే మాత్రం పాంప్లెటే వేయించండి, ఎకరం లెక్క పైనే, పెద్ద అక్షరాల్లో.