ఆరో క్లాసు నుంచి ఎనిమిదో క్లాసు దాకా కావాసాకి కేఎక్స్ 65 మీద: నా రివ్యూ

పిల్లల మోటోక్రాస్‌కి (మట్టి ట్రాక్ మీద గుట్టలు దూకుతూ సాగే బైక్ రేసు) మొదటి రేసు బండిగా కావాసాకి కేఎక్స్ 65 చాలా మంచిది. కాకపోతే త్వరగా కొనాలి. ఎనిమిది, తొమ్మిదేళ్ల వయసులో చేతికొస్తే హాయిగా నాలుగేళ్లు నడుపుకోవచ్చు. నాకు పదకొండేళ్లప్పుడు వచ్చింది. ఎనిమిదో క్లాసు పరీక్షలు అయ్యేసరికి నిలబడి మలుపు తిప్పితే మోకాళ్లు హ్యాండిల్‌కి తగులుతున్నాయి. రేసు మొదలయ్యే గేటు దగ్గర నిలబడటం, దూకడం, పడటం, లేచి మళ్లీ కిక్ కొట్టడం అన్నీ ఈ బండి మీదే నేర్చుకున్నాను. మాది తిరుపతి. కొనే ముందు అడిగి తెలుసుకుందామంటే మా చుట్టుపక్కల ఈ బండి వాడిన కుటుంబం ఒక్కటీ కనబడలేదు. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు బండి సంగతి. 64 సీసీ టూ-స్ట్రోక్ ఇంజిన్, లిక్విడ్ కూలింగ్, ఆరు గేర్లు. ముందు చక్రం 14 అంగుళాలు, వెనకది 12. రెండింటికీ డిస్క్ బ్రేకులు. సీటు ఎత్తు 760 మిల్లీమీటర్లు, బరువు 60 కిలోలు, ట్యాంకులో 3.8 లీటర్లు పడుతుంది. 2023లో మన దేశంలో అమ్మకానికి వచ్చినప్పుడు ఎక్స్-షోరూమ్ ధర 3.12 లక్షలు. సెల్ఫ్ స్టార్ట్ లేదు, లైట్లు లేవు, హారన్ లేదు, రిజిస్ట్రేషన్ కాదు. అంటే వీధి చివరికి కూడా దీన్ని నడుపుకుంటూ వెళ్లకూడదు. పైగా 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనర్‌ని రోడ్డు మీద బండి నడపనిస్తే పెద్దవాళ్లకి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు కూడా ఉంది. మా బండి ఎక్కడికి వెళ్లినా టాటా ఏస్ ఎక్కే వెళ్తుంది. ఆ బాడుగ ఖర్చు కూడా బండి ధరలో భాగమనే అనుకోండి.

ఈ ఇంజిన్ గుణం అర్థం చేసుకోకుండా కొనొద్దు. తక్కువ ఆర్‌పీఎంలో (ఇంజిన్ తిరిగే వేగం) దీనికి లాగే శక్తి దాదాపు ఉండదు. పైకి వెళ్లగానే పవర్ ఒక్కసారిగా వస్తుంది. వచ్చింది కదా అని అలాగే పట్టుకుని కూర్చుంటే అయిపోతుంది కూడా, వెంటనే గేరు వేయాలి. యమహా 2018లో తెచ్చిన వైజెడ్65కి పవర్ వాల్వ్ (ఇంజిన్ వేగాన్ని బట్టి పొగ బయటికి పోయే దారిని మార్చే మూత) ఉంటుంది కాబట్టి అది కింది నుంచే కొంచెం లాగుతుంది. కేఎక్స్‌కి ఆ సదుపాయం లేదు. మలుపులో ఆర్‌పీఎం పడిపోతే ఇంజిన్ మూలుగుతుందే గానీ బండి కదలదు. అప్పుడు క్లచ్‌ని ఒక్క వేలితో కొద్దిగా నొక్కి వదిలితే ఇంజిన్ మళ్లీ గొంతెత్తుతుంది. మొదట్లో నాకు ఇది ఎంత కష్టమైందంటే, ప్రతి మలుపు తర్వాతా బండి ఆగిపోయేది, ఏడుపొచ్చేది. కానీ ఈ ఒక్క విషయం వల్లే నేను రైడర్‌ని అయ్యానని నమ్ముతున్నాను. ఎప్పుడు ఏ గేరులో ఉండాలో, మలుపులోకి ఎంత వేగం తీసుకెళ్లాలో ఈ బండి నేర్పుతుంది. నేర్చుకోకపోతే ముందుకు తీసుకెళ్లదు.

చాలామంది నాన్నలు పిల్లలు ఎలాగూ పెరుగుతారు కదా అని పెద్ద బండి కొంటారు, లేదా రోడ్డు మీద తిరిగే 125 బండిని మార్పించి ఇస్తారు. నా అభిప్రాయం గట్టిగా చెప్తున్నాను: అలా చేయొద్దు. రోడ్డు బండ్లైతే వంద కిలోలు దాటతాయి. పడితే పిల్లలు ఎత్తలేరు, దూకితే గాల్లో దాన్ని సరిచేయలేరు. రెండుసార్లు గట్టిగా పడ్డాక భయం పట్టుకుంటుంది, ఆ భయం పోవడానికి చాలా కాలం పడుతుంది. కేఎక్స్ 65 కింద పడితే నేనే లేపుకునేదాన్ని. రేసులో అది ఎంత పెద్ద విషయమో నడిపిన వాళ్లకే తెలుస్తుంది.

ప్రాక్టీసుకి తిరుపతిలో మట్టి ట్రాక్ లేదు. మాకు దగ్గరలో పెద్ద ట్రాక్ అంటే చెన్నై దారిలో ఇరుంగట్టుకోట్టై. అది తారు ట్రాక్, మాకు పనికిరాదు. చంద్రగిరి దగ్గర మామయ్య వాళ్ల మామిడి తోట పక్కన బీడు ఉంది. అక్కడ జేసీబీతో మట్టి పోయించి ఒక టేబుల్‌టాప్ (పైన చదునుగా ఉండే జంప్), ఒక చిన్న డబుల్ (ఒకదాని మీంచి ఇంకోదాని మీదకి దూకే జంట గుట్టలు), రెండు బెర్మ్‌లు (మలుపు బయటి అంచున మట్టి గట్లు) కట్టించారు. పక్కనే ఎండిపోయిన వంక. ఆ ఇసుకలో నడపడం వేరే చదువు: బరువు వెనక్కి వేసి, యాక్సిలరేటర్ వదలకుండా పోవాలి, వదిలితే ముందు చక్రం పూడిపోతుంది. 12 అంగుళాల వెనక చక్రానికి లోతైన ఇసుక కష్టమే. నేలలో గట్టితనం ఉన్నచోట ఈ బండి చాలా చురుగ్గా తిరుగుతుంది. సెలవులొస్తే చిత్తూరు, మొగిలి ఘాట్, పలమనేరు, ముళబాగిలు మీదుగా కోలారు వైపు ట్రైనింగ్‌కి వెళ్లేవాళ్లం. 2015లో డకార్ ర్యాలీకి (ఎడారుల మీదుగా సాగే పెద్ద రేసు) వెళ్లిన మొదటి భారతీయుడు సి.ఎస్. సంతోష్ కూడా మోటోక్రాస్ నుంచి వచ్చినవాడే. ఆ దారిలో వెళ్తున్నప్పుడల్లా నాకు ఆయన గుర్తొచ్చేవారు. 2019లో ఎఫ్ఐఎం (ప్రపంచ మోటార్‌సైకిల్ సమాఖ్య) వారి బాజా ర్యాలీల ప్రపంచ కప్ మహిళల విభాగంలో గెలిచిన ఐశ్వర్య పిస్సే ఫొటో నా చదువుకునే బల్ల ముందు ఉంది.

ఆ ప్రయాణాల వల్లే జెట్టింగ్ గురించి, అంటే కార్బురేటర్‌లో పెట్రోలు కొలిచి పంపే జెట్‌ని ఎత్తుకి తగ్గట్టు మార్చడం గురించి తెలిసింది. ఇది కార్బురేటర్ బండి. తిరుపతి సముద్రమట్టానికి 150 మీటర్ల ఎత్తు మీద ఉంటే, కోలారు 800 మీటర్ల పైన ఉంటుంది. ఎత్తుకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది, అదే జెట్‌తో పెట్రోలు ఎక్కువైపోతుంది. ఇక్కడ శుభ్రంగా నడిచిన బండి అక్కడ గొంతు పట్టేసినట్టు దగ్గుతుంది, స్పార్క్ ప్లగ్ నల్లబడి తడిసిపోతుంది. మెయిన్ జెట్ ఒక సైజు తగ్గిస్తే సర్దుకుంటుంది. తిరిగొచ్చాక పాత జెట్ మళ్లీ వేయాలి, లేకపోతే పెట్రోలు చాలక ఇంజిన్ వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. ప్లగ్ విప్పి చూస్తే కాఫీ పొడి రంగులో ఉండాలి. తెల్లగా ఉంటే మాత్రం ఆ రోజు బండి తీయకూడదు.

ఇక రేసులు. మన దేశపు మోటార్ స్పోర్ట్స్ సమాఖ్య ఎఫ్ఎమ్ఎస్‌సీఐ లైసెన్సు తీసుకోవాలి. మెడికల్ సర్టిఫికెట్, అమ్మానాన్నల సంతకం కావాలి. నా మొదటి పెద్ద రేసు కోయంబత్తూరులో. అంతకుముందు రాత్రి నిద్ర పట్టలేదు, పొద్దున అమ్మ పెట్టిన ఇడ్లీ ఒక్కటి కూడా దిగలేదు. అంత టెన్షన్. గేటు దగ్గర నిలబడితే పక్కన అందరూ నాకంటే పొడుగు, ఎందుకంటే 65 సీసీ, 85 సీసీ బండ్లని ఒకే గేటు నుంచి వదిలారు. ఎఫ్ఐఎం మోటోక్రాస్ పద్ధతిలో ముందు 15 సెకన్ల బోర్డు చూపిస్తారు, తర్వాత 5 సెకన్ల బోర్డు. అది చూపించాక 5 నుంచి 10 సెకన్ల మధ్య ఎప్పుడైనా గేటు పడుతుంది. ఆ కాసేపట్లో ప్రపంచంలో ఇంకేమీ ఉండదు. నేను సెకండ్ గేరులో పెట్టి, క్లచ్ సగం వదిలి, గడ్డం హ్యాండిల్ మీదకి వచ్చేలా వంగి, గేటు వైపే చూస్తాను. 65కి స్టార్ట్ బాగుంటుంది: తేలికైన బండి, తేలికైన పిల్ల. మొదటి ముప్పై మీటర్లలో 85లతో సమానంగా పోతుంది. తర్వాత తిన్నటి దారి వస్తే అవి దాటుకుని పోతాయి, ఏమీ చేయలేం.

కానీ మలుపుల్లో మన వంతు వస్తుంది. పెద్ద బండ్లు బెర్మ్ మీదుగా చుట్టి వస్తుంటే, నేను లోపలి గీత పట్టుకుని చిన్నగా తిరిగి ముందుకు వచ్చేదాన్ని. మళ్లీ తిన్నటి దారిలో వాళ్లు దాటేవాళ్లు. మళ్లీ మలుపు. ఆ రేసు మొత్తం ఇలాగే నడిచింది. చివరి ల్యాప్‌లో చేతులు బిగుసుకుపోయి క్లచ్ నొక్కడానికి వేళ్లు రాలేదు. మా 65 క్లాసులో మూడో స్థానం వచ్చింది. ట్రాక్ తాడు అవతల నుంచి నాన్న ప్రతి ల్యాప్‌లోనూ “నిదానంగా పోమ్మా” అని అరిచారట. హెల్మెట్‌లో నాకు ఒక్కసారి కూడా వినపడలేదు.

తర్వాతి సంవత్సరం ఒక రేసులో టేబుల్‌టాప్ అవతల ఒకబ్బాయి పడిపోయాడు. మార్షల్ పసుపు జెండా ఊపుతున్నాడు. పసుపు జెండా ఊపితే ముందున్న వాళ్లని దాటకూడదు, దూకకూడదు. నేను స్పీడు తగ్గించి, గాల్లోకి లేవకుండా జంప్ మీదుగా మెల్లగా పోనిచ్చాను. వెనక వస్తున్న రైడర్ దూకేసి నా వెనక చక్రం మీద పడ్డాడు. నా మణికట్టు బెణికింది, క్లచ్ లివర్ విరిగింది, హ్యాండిల్ వంగింది. ఫ్రేము, ఫోర్కులు (ముందు చక్రం షాకులు), రేడియేటర్‌కి మాత్రం ఏమీ కాలేదు. ఈ బండి దెబ్బలకి నిజంగా గట్టిది. పిల్లలకి జంప్‌లు నేర్పే ముందు జెండాలు నేర్పండని ప్రతి అమ్మకీ నాన్నకీ చెప్తున్నాను. ఆ రోజు పడి ఉన్న అబ్బాయి సరిగ్గా నేను దిగాల్సిన చోటే ఉన్నాడు.

సస్పెన్షన్ దగ్గర మాత్రం ఈ బండి వెనకబడింది. ముందు 33 మిల్లీమీటర్ల మామూలు ఫోర్కులు. కేటీఎం 65 ఎస్ఎక్స్‌కి తలకిందుల ఫోర్కులు వస్తాయి. కేఎక్స్ 65 డిజైన్ 2000 సంవత్సరం నుంచి పెద్దగా మారలేదు. నా బరువు ముప్పై కిలోలు ఉన్నప్పుడు తేడా తెలియలేదు. నలభై దాటాక పెద్ద జంప్ దిగితే ఫోర్కు అడుగంటేది, వూప్స్‌లో (వరసగా ఉండే చిన్న గుట్టలు) ముందు భాగం కొట్టుకునేది. గట్టి స్ప్రింగ్‌లు వేయించాక కొంత నయం. డిజైన్ పాతదైనందువల్ల ఒక లాభం ఉంది. బయటి దేశాల్లో పార్టులు విరివిగా ఉంటాయి, ఏ మెకానిక్ అన్నకైనా విప్పడం, బిగించడం సులువు. మన దగ్గర పార్టులు దొరకడమే కష్టం. చెన్నైలో ఒక షాపు రింగులు తెప్పిస్తామని నెలల తరబడి తిప్పించుకుని, చివరికి కొలత తప్పువి చేతిలో పెట్టింది. అప్పటి నుంచి పిస్టన్, రింగులు, గాస్కెట్లు, లివర్లు ముందే తెప్పించి ఇంట్లో పెట్టుకుంటున్నాం.

ఇక మెయింటెనెన్స్. అసలు ఖర్చు ఇక్కడే ఉంది. దీనికి కిలోమీటర్ల మీటర్ ఉండదు, ఇంజిన్ ఎన్ని గంటలు నడిచిందన్నదే లెక్క. ఒక అవర్ మీటర్ విడిగా కొని బిగించండి. పిస్టన్, రింగులు అరిగిపోయే వస్తువులే, టైర్లు మార్చినట్టే వాటినీ మార్చాలి. మా చిత్తూరు వైపు ఎర్ర దుమ్ము ఫోమ్ ఫిల్టర్‌లోకి ఎంత పడుతుందో చూస్తే భయమేస్తుంది. నడిపిన ప్రతిసారీ ఫిల్టర్ కడిగి, ఆరబెట్టి, ఫిల్టర్ ఆయిల్ పట్టించి పెట్టాలి. ఇది నా పని. పెట్రోల్ కలపడం నాన్న పని: 32 పాళ్లకి ఒక పాలు టూ-స్ట్రోక్ ఆయిల్, అంటే ఐదు లీటర్లకి 156 మిల్లీలీటర్లు. సిరంజితో కొలిచి పోస్తారు. కంటితో చూసి అందాజుగా పోయడం మా ఇంట్లో లేదు.

సేఫ్టీ సామాను గురించి ఒక మాట. హెల్మెట్, నెక్ బ్రేస్, ఛాతీ ప్రొటెక్టర్, మోకాలి గార్డులు, బూట్లు. ఇందులో ఏది తగ్గినా బండి స్టార్ట్ చేయకూడదు. బూట్లు ఖరీదు, ఏడాదికే బిగుతైపోతాయి. జడ ఉన్న ఆడపిల్లలు దాన్ని జెర్సీ లోపలికి దోపుకోవాలి, బయట వేలాడితే ప్రమాదం. ఎండాకాలం తిరుపతిలో 40 డిగ్రీలు దాటుతుంది, ఇన్ని తొడుక్కుని నడపడం అంటే శిక్షే. ఏప్రిల్, మే నెలల్లో తెల్లారకముందే తోటకి వెళ్లి ఎనిమిదింటికల్లా ముగించేస్తాం.

ఇప్పుడు నేను కేఎక్స్ 112కి మారాను. 77 కిలోల బండి, 19, 16 అంగుళాల చక్రాలు. మొదటి వారం చేతులు నొప్పులు పుట్టాయి. అయితే క్లచ్, గేర్ల అలవాటు 65 నుంచే వచ్చింది కాబట్టి పవర్ చూసి భయపడలేదు. 2024 జనవరిలో పూణేలో మొదలైన ఇండియన్ సూపర్‌క్రాస్ రేసింగ్ లీగ్‌లో 85 సీసీ జూనియర్ క్లాస్ పెట్టారు. స్టేడియంలో అంతమంది మధ్య పిల్లలు దూకుతుంటే వీడియోలో చూసి నేను మంచం మీద నిలబడిపోయాను. అలాంటి గేటు ముందు ఒకరోజు నిలబడాలని ఉంది.

65ని అమ్మలేదు. మా తమ్ముడికి ఈ జూన్‌కి ఎనిమిదేళ్లు నిండుతాయి, కొనమని నేను చెప్పిన వయసు అదే. కాకపోతే వాడి బరువు 24 కిలోలే, నా కోసం వేసిన గట్టి స్ప్రింగ్‌లు వాడికి అస్సలు నలగవు. అందుకని పాత స్ప్రింగ్‌లు తిరిగి వేసి, వెనక స్ప్రింగ్ బిగింపు (ప్రీలోడ్) వదులు చేసి, కొత్త పిస్టన్ ఎక్కిస్తున్నాం. మొదట్లో ఫస్ట్, సెకండ్ గేర్లే, అదీ బీడులో జంప్‌లు లేని వైపు. ఫిల్టర్ కడగడం మాత్రం మొదటి రోజు నుంచే వాడి పని.