550 కిలోల కిట్ కారుకి ఏ టైరు మేలు?

విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకున్న చిన్న స్పోర్ట్స్ కారు నాది, సెవెన్ తరహా కిట్ కారు. దాని వెనక చక్రం పక్కన గొంతుక్కూర్చుని చూస్తే టైరు మీద "195/50 ఆర్15 82వి" అని కనిపిస్తుంది. వెడల్పు, ఎత్తు, రిమ్ సైజు అందరూ చూస్తారు. ఆ 82ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఆ ఒక్క టైరు 475 కిలోల దాకా మోయగలదని దాని అర్థం. నా కారు మొత్తం బరువే 550 కిలోలు. నేను ఎక్కి కూర్చుంటే 630 అవుతుంది. నాలుగుతో భాగిస్తే టైరుకి 160 కిలోల లోపే, అంటే 25 కిలోల బియ్యం బస్తాలు ఆరు. మోయగలిగిన దాంట్లో మూడో వంతు బరువే దాని మీద పెడుతున్నాం.

తేలిక కారుకి టైరు ఎంచుకోవడంలో చిక్కంతా ఇదే. గ్రిప్ కోసం చేసిన మెత్తటి రబ్బరు బాగా వేడెక్కితేనే రోడ్డుని పట్టుకుంటుంది. బరువు పడి, వంగి, నలిగితే తప్ప వేడెక్కదు. 1,400 కిలోల కారుకి అద్భుతం అనిపించిన టైరు మన కారు కింద చెక్కలా చల్లగా ఉండిపోవచ్చు. అందుకే ఎవరు ఏ టైరు మెచ్చుకున్నా నేను ముందు అడిగేది ఒకటే: మీ కారు బరువెంత?

ఈ కార్లు తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. 1957లో లోటస్ కంపెనీ పెట్టిన కోలిన్ చాప్‌మన్ లోటస్ సెవెన్ అనే తేలిక స్పోర్ట్స్ కారుని తెచ్చాడు. అప్పట్లో బ్రిటన్‌లో తయారైన కారు కొంటే కొనుగోలు పన్ను పడేది. విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే పడేది కాదు. 1973లో ఆ కారు హక్కులు కేటర్‌హామ్ అనే కంపెనీ చేతికి వచ్చాయి. అదే రూపంలో వెస్ట్‌ఫీల్డ్ లాంటి కంపెనీలూ కార్లు చేశాయి. నాది అలాంటి కారే. హైదరాబాద్ నుంచి వచ్చి ఇంగ్లండ్‌లోని విల్ట్‌షైర్‌లో స్థిరపడ్డాక రెండు శీతాకాలాలు గ్యారేజీలో కూర్చుని బిగించుకున్నాను. కాబట్టి దీని టైర్ల గురించి కొంచెం ఎక్కువే ఆలోచిస్తాను.

మన ముందున్నవి మూడు రకాలు. ఒకటి, ఏ షాపులోనైనా దొరికే మంచి రోడ్డు టైరు. రెండోది రోడ్డుకీ రేస్ ట్రాక్‌కీ మధ్య రకం. యోకోహామా ఏ052, నాన్‌కాంగ్ ఎన్ఎస్-2ఆర్ లాంటివి. మూడోది రోడ్డు మీద నడపడానికి చట్టం ఒప్పుకునే ట్రాక్ టైరు. టోయో ఆర్888ఆర్, నాన్‌కాంగ్ ఏఆర్-1 ఈ జాతివి. ట్రెడ్‌వేర్ అనే అమెరికన్ అంకె తగ్గేకొద్దీ టైరు త్వరగా అరుగుతుంది, సాధారణంగా రబ్బరూ మెత్తగా ఉంటుంది. ఏ052కి 200, ఆర్888ఆర్‌కి 100, ఏఆర్-1కి 80. ఆ అంకె వేసేది తయారీదారే కాబట్టి ఒక కంపెనీ 100నీ ఇంకో కంపెనీ 120నీ పక్కపక్కన పెట్టి లెక్కలు కట్టకండి.

రోడ్డు టైరు గురించి చెప్పాల్సింది తక్కువ. చౌక, వానలో నమ్మకం, చలిలో ఇబ్బంది లేదు. పట్టు వదిలేటప్పుడు ముందే చెప్పి నెమ్మదిగా వదులుతుంది. కొత్తగా కిట్ కారు కట్టినవాళ్లు మొదటి ఏడాది దీని మీదే తిరిగితే కారు నడక బాగా అర్థమవుతుంది. వేడి రోజున ట్రాక్ మీద పది నిమిషాలు గట్టిగా తిప్పితే మాత్రం ట్రెడ్ (రోడ్డుని తాకే గాడుల భాగం) దిమ్మెలు కదులుతున్నట్టు స్టీరింగ్‌లో తెలుస్తుంది.

ట్రాక్ టైరు సంగతి వేరు. కాజిల్ కూంబ్ రేస్ ట్రాక్‌లో ఎండ కాసిన రోజు ఐదు రౌండ్లు తిప్పి, పిట్‌లో ఆపి, టైరు మీద అరచెయ్యి పెట్టి చూశాను. అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంది, వేళ్లకి అంటుకుంటోంది. అంతకుముందు భయపడుతూ తిరిగిన మలుపు ఇంకో గేరు మీద తిరిగింది. ఆ అనుభవం ఇంకే టైరూ ఇవ్వలేదు. తిరిగి ఇంటికి వస్తుంటే అదే రబ్బరు రోడ్డు మీది గులకరాళ్లన్నీ ఏరుకుని వెనక మడ్‌గార్డుల్లోకి టపటపా విసిరింది. రాత్రి గోటితో ఒక్కో రాయీ తీస్తూ కూర్చున్నాను.

అవే టైర్లతో అక్టోబర్‌లో ఒక ఉదయం, ఆరు డిగ్రీల చలిలో, తడిసిన రౌండబౌట్ మీద రెండో గేరులో కొంచెం యాక్సిలరేటర్ తొక్కాను. వెనక భాగం ఒక్కసారిగా జారి కారు వచ్చిన దారి వైపు తిరిగి ఆగింది. అదృష్టం, వెనక ఎవరూ లేరు. చేతులు వణకడం తగ్గడానికి పావుగంట పట్టింది. తప్పు టైరుది కాదు. అది వేడెక్కే అవకాశమే నేను ఇవ్వలేదు.

వానలో తేలిక కార్లకి ఇంకో ఇబ్బంది ఉంది. మన టైర్లలో గాలి ఒత్తిడి 18 పీఎస్ఐ దగ్గర ఉంచుతాం, మామూలు కార్లలో 32 దాకా ఉంటుంది. విమానాల టైర్ల మీద నాసా చేసిన పరిశోధనలో ఒక సూత్రం వచ్చింది. పీఎస్ఐకి వర్గమూలం కట్టి 10.35తో గుణిస్తే, టైరు నీటి మీద తేలడం మొదలుపెట్టే వేగం గంటకి మైళ్లలో వస్తుంది. 32కి అది సుమారు 59. 18కి 44 మాత్రమే. లోతైన గాడులున్న కారు టైరు ఇంతకన్నా నయమే. కానీ ట్రాక్ టైరులో గాడులు తక్కువ, అరిగితే ఇంకా తక్కువ. బ్రిటన్ చట్టం ప్రకారం 1.6 మిల్లీమీటర్ల లోతు ఉండాలి. లేకపోతే ఒక్కో టైరుకి లైసెన్సు మీద మూడు శిక్ష పాయింట్లు, 2,500 పౌండ్ల దాకా జరిమానా. ఆ గీత దాకా వాడొద్దని నా మాట.

గాలి మాట వచ్చింది కాబట్టి ఒకటి గట్టిగా చెప్పాలి. ఒకసారి టైర్లు మార్చిన షాపులో అలవాటు కొద్దీ 32 నింపి పంపించారు. కారు ఎగిరెగిరి పడుతుంటే కొత్త టైర్లని తిట్టుకున్నాను. ఇంటికొచ్చి సుద్దముక్కతో టైరుకి అడ్డంగా గీత గీసి, వీధి చివరి దాకా వెళ్లొచ్చి చూస్తే మధ్యలో నాలుగు వేళ్ల మేర మాత్రమే చెరిగింది, అంచుల్లో సుద్ద అలాగే ఉంది. 18కి దించాక గీత మొత్తం సమానంగా పోయింది. ఏ రకం టైరు కొన్నా ముందు ఈ పని చేసి, తర్వాతే బాగుందో లేదో చెప్పండి.

సైజు విషయం క్లుప్తంగా. 13 అంగుళాల రిమ్ తేలిక, కానీ దానికి రోడ్డు టైర్లు దొరకడం తగ్గిపోతోంది. 15 అంగుళాలకి ఎంపిక ఎక్కువ. 195/45 నుంచి 195/50కి మారితే కారు సుమారు 10 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. స్పీడ్ బ్రేకర్ల మీద సంప్ (ఇంజన్ అడుగున ఉండే నూనె తొట్టి) గీసుకుపోయే కార్లకి అది చిన్న లాభం కాదు.

ఒకప్పుడు ఈ చర్చే ఉండేది కాదు. సెవెన్ వాళ్లంతా ఏవన్ కంపెనీ సీఆర్500 టైర్లు వేసుకునేవాళ్లు. ఏవన్ ఫ్యాక్టరీ మా దగ్గరి మెల్క్‌షామ్‌లోనే ఉండేది. మాతృసంస్థ కూపర్‌ని 2021లో గుడ్‌ఇయర్ కొన్నది. 2023 చివరితో అక్కడ టైర్ల తయారీ ఆగిపోయింది. ఆ గేటు ముందు నుంచి వెళ్లినప్పుడల్లా దిగులేస్తుంది.

ఒకే సెట్ రిమ్‌లు ఉండి, ఆదివారం షికార్లూ ఏడాదికి రెండు మూడు ట్రాక్ డేలూ (సొంత కారుని రేస్ ట్రాక్ మీద తిప్పే రోజులు) ఉన్నవాళ్లకి మధ్య రకమే మేలు. కొద్ది మైళ్లకే వేడెక్కుతుంది, వానకి మరీ బెదరదు. నేనూ అదే కొంటున్నాను. ట్రాక్‌కి నెలనెలా వెళ్లేవాళ్లు రెండో సెట్ రిమ్‌లకి ట్రాక్ టైర్లు ఎక్కించి, అక్కడే మార్చుకుంటే ఇంకా మంచిది. చలికాలం వాటిని గడ్డకట్టే షెడ్డులో కాకుండా ఇంట్లో పెట్టండి.

డబ్బు కట్టే ముందు టైరు పక్క భాగం మీద ఉండే డీఓటీ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. మన కార్లు ఏడాదికి రెండు వేల మైళ్లు తిరిగితే గొప్ప, కాబట్టి టైరు అరగకముందే రబ్బరు గట్టిపడుతుంది. చౌకగా వస్తోందని పాత సరుకు తీసుకోవద్దు. నేను ఆర్డర్ చేసిన నాలుగింటికీ తయారీ వారం అడిగి రాయించుకున్నాను.