డాడ్జ్ చార్జర్ డేటోనా స్కాట్ ప్యాక్: రెండున్నర టన్నులు దాటిన కరెంటు మజిల్ కారు

డెట్రాయిట్ శివార్లలో స్థిరపడిన తెలుగువాళ్లలో చాలామందికి కార్ల కంపెనీలతోనో, వాటికి విడిభాగాలు అందించే సంస్థలతోనో ఏదో ఒక అనుబంధం ఉన్నప్పటికీ, మనలో మజిల్ కారు, అంటే భారీ శక్తితో నేరుగా దూసుకుపోయే అమెరికన్ కారు, కొనేవాళ్లు అరుదు. పిల్లలు, గుడి, నెల సరుకులు, ఇండియా నుంచి ఆరు నెలలకు వచ్చే అమ్మానాన్నలు అని లెక్క వేసుకుని చివరికి ఏడు సీట్ల ఎస్‌యూవీ దగ్గర ఆగిపోతాం. అందుకే మా వీధిలో ఉండే మిత్రుడొకరు 2025 ఆగస్టులో డాడ్జ్ కంపెనీ విద్యుత్ కారు చార్జర్ డేటోనా స్కాట్ ప్యాక్‌ను లీజుకు తెచ్చుకున్నప్పుడు ఆశ్చర్యపోయాను. నవంబరులో ఆయన హైదరాబాదు వెళుతూ, "మూడు వారాలు ఊరికే నిలబెట్టడం దేనికండీ, మీరు నాలుగు రోజులు తిప్పండి" అని తాళం చేతిలో పెట్టారు. ఆ నాలుగు రోజుల అనుభవమే ఈ సమీక్షకు ఆధారం.

ఈ బండి ఎవరి వారసత్వాన్ని మోస్తున్నదో చెప్పకపోతే మిగిలిన మాటలకు అర్థం ఉండదు. 1969 నాటి చార్జర్ డేటోనా రేసుల కోసం ముక్కు సాగదీసి, వెనుక నిలువెత్తు రెక్క తగిలించి తయారుచేసిన కారు. 1970 మార్చిలో టల్లడేగా ట్రాక్ మీద రేసు డ్రైవరు బడీ బేకర్ దానితో గంటకు 200 మైళ్ల వేగం దాటాడు. మన కాలానికి వస్తే, 2015 మోడల్‌తో మొదలైన హెల్‌క్యాట్ రకం చార్జర్, చాలెంజర్ కార్లు 707 హార్స్‌పవర్ ఇచ్చే సూపర్‌చార్జ్‌డ్ వి8 (ఎనిమిది సిలిండర్ల పెట్రోలు) ఇంజనుతో డాడ్జ్ పేరును నిలబెట్టాయి. కెనడాలోని బ్రాంప్టన్ ఫ్యాక్టరీలో 2023 డిసెంబరుతో ఆ తరం ముగిసింది. దాని స్థానంలో వచ్చిన కొత్త చార్జర్ అదే దేశంలోని విండ్సర్‌లో, అంటే డెట్రాయిట్ నదికి అవతలి ఒడ్డున తయారవుతున్నది. మా ఇంటి నుంచి చూస్తే ఇది దాదాపు పొరుగూరి బండి.

ముందు వేగం సంగతి. ముందు ఇరుసుకు ఒకటి, వెనుక ఇరుసుకు ఒకటి చొప్పున రెండు మోటార్లు కలిసి 630 హార్స్‌పవర్ ఇస్తాయి. స్టీరింగ్ మీద ఉన్న పవర్‌షాట్ మీట నొక్కితే కొన్ని సెకన్ల పాటు మరో 40 జతపడి మొత్తం 670 అవుతుంది. నిలబడిన చోటి నుంచి గంటకు 60 మైళ్లు అందుకోవడానికి 3.3 సెకన్లు, పావు మైలుకు 11.5 సెకన్లు పడుతుందని కంపెనీ చెబుతుంది. నా దగ్గర కొలిచే పరికరాలు లేవు కానీ, ఖాళీగా ఉన్న ఫ్రీవే ర్యాంపు మీద యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కినప్పుడు పక్క సీటులో ఉన్న మా ఆవిడ చేతిలోని కాఫీ కప్పు మూత ఊడి, కాఫీ వెనక్కి ఎగిరి సీటు మీద పడిన తీరు చూస్తే ఆ అంకెలను అనుమానించవలసిన అవసరం కనిపించలేదు. దీనితో పోలిస్తే పాత వి8లో మొదటి అర సెకను టైర్లు జారడానికే ఖర్చయ్యేది. బండిని పక్కకు జారించే డ్రిఫ్ట్, ఉన్నచోటే గుండ్రంగా తిప్పే డోనట్ అనే మోడ్‌లు కూడా ఇందులో ఉన్నాయి, కానీ టైర్లు మిత్రుడివి కాబట్టి వాటి జోలికి పోలేదు.

అసలు వివాదమంతా చప్పుడు దగ్గర ఉంది. మా ఊళ్లో బుల్లెట్ బండ్లు మూడే ఉన్న రోజుల్లో, సందు మలుపు తిరగకముందే వచ్చేది ఎవరో మా నాన్నమ్మ అరుగు మీద కూర్చుని చెప్పేది. ఇంజను చప్పుడు మనిషి ఉనికికి గుర్తు కావడం మనకు కొత్త కాదు కనుక, చప్పుడు లేని మజిల్ కారును అమెరికన్లు ఎందుకు ఒప్పుకోరో నాకు సులువుగానే అర్థమవుతుంది. దానికి డాడ్జ్ వెతికిన ఉపాయం పేరు ఫ్రాట్‌జానిక్ చేంబర్డ్ ఎగ్జాస్ట్. 1962 నుంచి 1976 వరకు కంపెనీ వాడిన మూడు కోణాల చిహ్నం పేరు ఫ్రాట్‌జాగ్ కావడంతో దీనికి ఆ పేరు వచ్చింది. పొగ లేని కారుకు పొగగొట్టం ఎందుకంటే, వెనుక బంపరు ప్రాంతంలో అమర్చిన స్పీకర్ల వంటి పరికరాలు గాలి గదుల గుండా శబ్దాన్ని బయటికి నెడతాయి. 2022లో కాన్సెప్టు కారును చూపినప్పుడు ఇది హెల్‌క్యాట్‌తో సమానంగా 126 డెసిబెల్స్ చేరుతుందని ప్రకటించారు.

వినడానికి ఎలా ఉంటుందంటే, బండి నిలబడి ఉన్నప్పుడు సీటు అడుగు నుంచి వెన్నులోకి పాకే సన్నటి గురగుర నిజంగా నచ్చుతుంది, కళ్లు మూసుకుంటే పాత వి8 గుర్తుకు రావడం కూడా నిజమే. చిక్కు కదిలాక మొదలవుతుంది. గేర్లు మారే చోట ఇంజను చప్పుడు ఒక్కసారి పడి మళ్లీ లేస్తుంది, మజిల్ కారు పాటలో తాళం అదే. ఇక్కడ మారే గేర్లే లేవు కాబట్టి శబ్దం ఒకే దారిలో ఎక్కుతూ పోయి, నలభై మైళ్లు దాటాక పక్క గదిలో నడుస్తున్న వీడియో గేమ్‌ను తలపిస్తుంది. వెనుక కూర్చున్న మా అబ్బాయి, "నాన్నా, ఇది కారు అరుస్తోందా, రేడియోనా?" అని అడిగాడు. ఏం చెప్పాలో తోచలేదు. అన్నట్టు, ఇదే బండిని 2025లో అమెరికా రహదారి భద్రతా సంస్థ ద్వారా రీకాల్ చేసిన కారణం విచిత్రమైనది. పాదచారుల కోసం తక్కువ వేగంలో తప్పనిసరిగా వినిపించవలసిన హెచ్చరిక ధ్వని ఎనిమిది వేలకు పైగా కార్లలో వినిపించకపోవచ్చునని తేలి, సాఫ్ట్‌వేర్ సరిచేశారు. గొంతే గొప్పగా ప్రచారమైన కారు మూగదైందని వెనక్కి పిలిపించుకోవలసి రావడం నాకైతే చదివిన రోజంతా నవ్వు తెప్పించింది.

బరువు మాత్రం నవ్వులాట కాదు. సుమారు 2,650 కిలోలున్న ఈ కారు పాత హెల్‌క్యాట్ చాలెంజర్ కంటే ఆరు వందల కిలోల వరకు ఎక్కువ తూగుతుంది. 100.5 కిలోవాట్ అవర్ల బ్యాటరీ కారు అడుగు భాగంలో పరుచుకుని ఉండడం వల్ల మలుపుల్లో బండి ఒరగదు, గతుకుల మీద కూడా పెద్ద పడవలా హుందాగా సాగుతుంది. కానీ మలుపులోకి దూరే ముందు బ్రేకు మీద కాలు వేసినప్పుడు ఆ ద్రవ్యరాశి అంతా ముందుకు తోసుకువచ్చినట్టు తెలుస్తూనే ఉంటుంది. నేరుగా పరుగెత్తడానికే ఇష్టపడే కారు ఇది, ఆ మాటకొస్తే మజిల్ కార్లన్నీ అంతే.

నేను ఊహించని మంచితనం ఆదివారం నోవైలోని వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్లినప్పుడు బయటపడింది. రెండే తలుపులున్న కారులో వెనుక సీటుకు మా అత్తగారిని ఎక్కించడం ఎలాగా అని ఇంటి దగ్గర పెద్ద చర్చ జరిగింది. ముందు సీటు జరిపాక చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని ఆవిడ వంగి ఎక్కిన మాట వాస్తవమే కానీ, కూర్చున్నాక మోకాళ్లకు చోటు సరిపోయిందని ఆవిడే అన్నారు. వెనుక అద్దంతో సహా పైకి లేచే డిక్కీ తలుపు వల్ల కొబ్బరికాయల సంచి, పూల బుట్ట, ప్రసాదం గిన్నెలు, మడతపెట్టిన చక్రాల కుర్చీ అన్నీ పట్టాయి. పార్కింగులో మాత్రం తలుపు పూర్తిగా తెరవాలంటే పక్క కారు వాళ్లు పుణ్యాత్ములై దూరంగా నిలిపి ఉండాలి. ఫ్రాట్‌జానిక్ ధ్వనిని అక్కడ ఆపేశాను, సుప్రభాతం వినిపిస్తున్న ఆవరణలో అది గురగురలాడితే బాగుండదు. తిరిగి వచ్చేటప్పుడు తొలి మంచు పడింది. మంచు మోడ్‌లో నాలుగు చక్రాలూ పట్టిన పట్టు చూశాక, వెనుక చక్రాలకే శక్తినిచ్చే వి8తో మిషిగన్ చలికాలం గడిపినవాళ్లు దీన్ని చూసి అసూయపడతారనిపించింది.

దూర ప్రయాణమే దీని బలహీనత. ప్రభుత్వ లెక్క ప్రకారం స్కాట్ ప్యాక్‌కు ఒక చార్జింగ్‌తో 241 మైళ్లు వస్తాయి, వెడల్పాటి వేసవి టైర్లతో ట్రాక్ ప్యాకేజీ తీసుకుంటే అది 216కు పడిపోతుంది. డెట్రాయిట్ శివారు ట్రాయ్ నుంచి మిషిగన్‌లోనే పడమట ఉన్న గ్రాండ్ రాపిడ్స్ వెళ్లి రావడం మూడు వందల మైళ్ల పైమాట కాబట్టి, దారిలో ఒకసారి ఆగక తప్పదు. చలిలో హీటరు తినేది కలుపుకుంటే ఏ విద్యుత్ కారుకైనా ఈ లెక్క ఇంకా తగ్గుతుంది. నేను ఆగిన చార్జింగ్ కేంద్రంలో నాలుగు యంత్రాలుంటే రెండు పనిచేయలేదు, మూడోది నా కార్డును మూడు సార్లు తిప్పికొట్టింది. అందుకు కారును నిందించలేను.

అమ్మకం మొదలైనప్పుడు స్కాట్ ప్యాక్ ధర 73,190 డాలర్లు, రవాణా ఖర్చు అదనం. మా మిత్రుడు లీజు ద్వారా అందుకున్న 7,500 డాలర్ల రాయితీ 2025 సెప్టెంబరు 30తో ముగిసింది కనుక ఆ లెక్క ఇప్పుడు ఎవరికీ వర్తించదు. ఇదే పునాది మీద తయారైన 600 హార్స్‌పవర్ జీప్ వ్యాగనీర్ ఎస్ నాలుగు తలుపులతో, 300 మైళ్లు దాటిన రేంజితో ఉండగా, కుటుంబానికి వేగవంతమైన విద్యుత్ ఎస్‌యూవీ కావాలనుకునేవాళ్లు దాన్ని చూడడమే తెలివి. పెట్రోలు వాసన, గేర్ల కుదుపు లేనిదే తృప్తి కలగనివాళ్లకు ఇదే శరీరంలో ఆరు సిలిండర్ల ట్విన్ టర్బో ఇంజనుతో సిక్స్‌ప్యాక్ పేరిట 550 హార్స్‌పవర్ వరకు వచ్చింది, డాడ్జ్ కూడా తన ఆశ కొంత అటువైపే మళ్లించినట్టు కనిపిస్తున్నది. ఇంట్లో చార్జరు, దూర ప్రయాణాలకు రెండో కారు, మంచు పడే ఊరు ఉన్నవాళ్లు మాత్రం ట్రాక్ ప్యాకేజీ లేని స్కాట్ ప్యాక్‌ను లీజుకు, అదీ డీలరు దగ్గర గట్టిగా బేరమాడి తీసుకోవచ్చు. తాళం తిరిగి ఇచ్చేటప్పుడు కాఫీ మరక సంగతి ఒప్పుకుని, సీటు శుభ్రం చేయించిన రసీదు కూడా మిత్రుడి చేతిలో పెట్టాను.