వీఎం మార్చే టూల్ కొనేముందు ట్రయల్‌లో విండోస్ వీఎం పెట్టి చూడండి

నా వీఎంలను (వర్చువల్ మెషీన్లు, అంటే ఒక సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లు) వీఎంవేర్ నుంచి ప్రాక్స్‌మాక్స్‌కి మార్చడానికి ఒక కన్వర్షన్ టూల్ కొన్నాను. ఈ రెండూ వీఎంలను నడిపే సాఫ్ట్‌వేర్లే. ఒక్క క్లిక్‌తో వీఎం ఉన్నది ఉన్నట్టుగా వచ్చేస్తుందని అమ్మేవాళ్లు చెప్పారు. నిజానికి అది డిస్క్‌ని మాత్రమే కాపీ చేస్తుంది, హార్డ్‌వేర్ సెట్టింగులు తనకు తోచినట్టు పెట్టేస్తుంది.

ట్రయల్‌లో ఒక్క వీఎంకే అవకాశం ఉంటే చిన్న లినక్స్ వీఎం పెట్టాను. చక్కగా బూట్ అయింది, నమ్మేశాను. లినక్స్ కెర్నల్‌లో వర్ట్‌ఐఓ డ్రైవర్లు (వీఎంలోని డిస్క్, నెట్‌వర్క్ వేగంగా పనిచేయడానికి కావాల్సినవి) ముందే ఉంటాయి, విండోస్‌లో ఉండవు. డబ్బు కట్టి విండోస్ సర్వర్‌ని మార్చగానే బ్లూ స్క్రీన్, "ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్". డిస్క్‌ని సాటాకి (దీని డ్రైవర్ విండోస్‌లోనే ఉంటుంది) మార్చి బూట్ చేసి, వర్ట్‌ఐఓ స్కజీ మీద 1 జీబీ ఖాళీ డిస్క్ తగిలించి, డ్రైవర్ ఎక్కించాక అసలు డిస్క్‌ని అటు మార్చాను. అప్పటికి తెల్లారింది.

అంతకంటే బాధపెట్టింది సీపీయూ. 8 వీసీపీయూలు (వర్చువల్ ప్రాసెసర్లు) ఉన్న విండోస్ 10 ప్రో వీఎం నత్తనడక నడుస్తోంది. హోస్ట్‌లో (వీఎంలు నడిచే అసలు సర్వర్‌లో) లోడ్ లేదు, ర్యామ్ ఖాళీగానే ఉంది. చివరికి టాస్క్ మేనేజర్ తెరిస్తే కనిపించినవి రెండే ప్రాసెసర్లు! ఆ టూల్ 8 సాకెట్లు (ప్రాసెసర్ చిప్పులు), సాకెట్‌కి 1 కోర్ అని పెట్టింది. విండోస్ 10 ప్రో 2 సాకెట్లకు మించి వాడుకోదు. 1 సాకెట్, 8 కోర్లు అని మార్చి రీస్టార్ట్ చేస్తే సరిపోయింది. ఇంత చిన్నదానికి రెండు రోజులు టెన్షన్ పడ్డాను.

నెట్‌వర్క్ కార్డు కొత్తదని స్టాటిక్ ఐపీ పోయింది. మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు నంబర్) మారడంతో లోపలి సాఫ్ట్‌వేర్ లైసెన్సూ చెల్లలేదు. పాత మ్యాక్ అడ్రస్ చేత్తో ఇచ్చుకోవాల్సి వచ్చింది.

వాపసు అడిగితే, లైసెన్స్ యాక్టివేట్ అయింది కాబట్టి కుదరదన్నారు. 2024 ఏప్రిల్‌లో వచ్చిన ప్రాక్స్‌మాక్స్ 8.2 నుంచి ఈఎస్ఎక్స్ఐ (వీఎంవేర్ హోస్ట్ సాఫ్ట్‌వేర్) వీఎంలను తెచ్చుకునే ఇంపోర్ట్ విజార్డ్ అందులోనే ఉంది, అదీ ఉచితంగా. ముందు అది వాడి చూడండి. విండోస్ డ్రైవర్లు మాత్రం అప్పుడూ మీరే ఎక్కించుకోవాలి. మార్చేముందే స్నాప్‌షాట్లు (దాచిపెట్టిన వీఎం పాత స్థితులు) కలిపేసి, వీఎంవేర్ టూల్స్ (వీఎం లోపల వేసే వీఎంవేర్ సహాయక సాఫ్ట్‌వేర్) తీసేయండి. అవతలికి వెళ్లాక అవి ఓ పట్టాన అన్‌ఇన్‌స్టాల్ కావు. కొత్తచోట కనీసం వారం నడిచేదాకా పాత హోస్ట్‌ని తుడిచేయకండి. నా డేటా దక్కింది దానివల్లే.