రాత్ కన్వర్షన్ సలహాకు 1,800 డాలర్లు: పెట్టిన డబ్బుకు న్యాయమే జరిగింది

ఐదుకు నాలుగు స్టార్లు.

మేం టెక్సస్‌లో ఉంటాం. మావారికి 67, నాకు 66. ఆయన 401కె (ఉద్యోగంలో దాచిన రిటైర్మెంట్ పొదుపు) సొమ్మంతా ట్రెడిషనల్ ఐఆర్ఏలో, అంటే తీసేటప్పుడు పన్ను కట్టాల్సిన రిటైర్మెంట్ ఖాతాలో ఉంది, 9 లక్షల డాలర్ల దాకా. దాన్ని రాత్ ఐఆర్ఏలోకి (మార్చిన ఏడాదే పన్ను కట్టేస్తే, తరవాత తీసేటప్పుడు పన్ను ఉండదు) మార్చాలా వద్దా అన్నది మా ఇంట్లో తెగని పంచాయితీ. "అడగని పన్ను ముందే ఎందుకు కట్టడం?" అని ఆయన. "73 వచ్చాక ఏటా కొంత తియ్యక తప్పదు, మిగిలింది అమ్మాయి నెత్తిన పడుతుంది" అని నేను.

మొదట కలిసిన సలహాదారు ఖాతా తనకప్పగిస్తే ఏడాదికి ఒక శాతం చాలన్నాడు. చాలట! మా డబ్బు మీద అది ఏటా 9,000. ఆ తరవాత దొరికిన ఈ ఫైనాన్షియల్ ప్లానర్ ఏమీ అమ్మదు, ఖాతా అడగదు. ఒకసారి ఫీజు కడితే రెండు మీటింగులు, ఒక రిపోర్టు.

మా సంగతులు పూర్తిగా వినకముందే ఆవిడ అమ్మాయి జీతమెంత, ఏ రాష్ట్రంలో ఉంటుందని అడిగింది. ముడి అక్కడే వీడింది. అమ్మాయీ అల్లుడూ కాలిఫోర్నియాలో ఉద్యోగస్తులు. 2020 నుంచి ఉన్న రూలు ప్రకారం, పిల్లలకు వచ్చిన ఐఆర్ఏ పదేళ్ళలో ఖాళీ చెయ్యాలి. వాళ్ళ జీతాలు బాగా పెరిగిన రోజుల్లోనే ఇదీ వచ్చి కలుస్తుంది: ఫెడరల్ 24 శాతం, రాష్ట్రానికి 9.3, వెరసి మూడో వంతు. రాత్‌కీ పదేళ్ళ గడువుంది గానీ పన్ను ఉండదు. మాకేమో రాష్ట్ర ఆదాయపన్నే లేదు.

ఇక మా లెక్క. ఇద్దరం సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పింఛను) 70 దాకా తీసుకోవడం లేదు. వడ్డీలూ అవీ కలిపి 40,000 వస్తుంది. 2025లో స్టాండర్డ్ డిడక్షనూ, సీనియర్లకు కొత్తగా ఇచ్చిన తలకు 6,000 కలిపి 46,700 పోతుంది కాబట్టి పన్ను సున్నా. ఆ పైన లక్ష డాలర్లు మారిస్తే పన్ను 10,700 చిల్లర, 12 శాతం శ్లాబు దాటదు. తొమ్మిది లక్షలూ ఒకే ఏడాది మారిస్తే 37 శాతం శ్లాబు దాకా పోతాం, రెండేళ్ళ తరవాత మెడికేర్ (పెద్దవాళ్ళ ప్రభుత్వ ఆరోగ్య బీమా) ప్రీమియం కూడా పెరుగుతుంది. ఒకసారి మార్చాక వెనక్కి తిప్పుకునే వీలు 2018 నుంచి లేదు. అందుకే ఆ ఏటి ఆదాయం తేలాక, డిసెంబరులో మార్చమంది.

గుడి విరాళాల గురించి మేం అడగకుండానే చెప్పింది. డెబ్బైన్నర దాటాక ట్రెడిషనల్ ఐఆర్ఏ నుంచి గుడికి నేరుగా పంపితే అది మన ఆదాయంలో చేరదు (గుడికి 501సి3 అనే ఛారిటీ గుర్తింపు ఉండాలి). కాబట్టి దేవుడి వాటా మార్చకుండా అట్టేపెట్టమంది.

మావారు మెత్తబడింది మాత్రం ఇంకో మాటకు. మా ఇద్దరిలో ఒకరు పోతే, మిగిలినవాళ్ళు సింగిల్ శ్లాబులో పడతారు, అంతే ఆదాయానికి ఎక్కువ పన్ను. అప్పటిదాకా వాదించిన మనిషి, "సరే, ఏడాదికి లక్ష చొప్పున చేద్దాం" అన్నారు.

ఒక స్టారు ఎందుకు కోశానంటే, ఇండియాలో ఎక్కువ రోజులుండి అక్కడ రెసిడెంట్లమైతే రాత్ సంగతేమిటని అడిగాను. "అది నా పరిధిలోది కాదు" అంది. తెలిసినట్టు నటించలేదు, సంతోషమే. కానీ మనవాళ్ళలో చాలామందికి అసలు ప్రశ్న అదే. దానికి వేరే సీఏని వెతుక్కోవాల్సిందే. రిపోర్టు నిండా రంగురంగుల గ్రాఫులు. మాకు పనికొచ్చింది ఏడాదివారీ పట్టిక ఒక్కటే.

పిల్లలు మీకన్నా తక్కువ శ్లాబులో ఉన్నా, పన్ను కట్టడానికి ఐఆర్ఏ బయట నగదు లేకున్నా ఈ ఫీజు దండగ అనుకుంటాను. మేం డిసెంబరులో మొదటి లక్ష మార్చి, పన్ను సేవింగ్స్ లోంచి జనవరి 15 లోపు కట్టేశాం. వచ్చే ఏడాది లెక్క సరిచూడటానికి ఆవిడ గంట ఫీజే తీసుకుంటుంది, ఆవిడతోనే చేయిస్తాం.