చాట్స్‌వర్త్‌లో మాకు ఎక్కువ నచ్చింది మేడ కాదు, లాయం

ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌లో, డెవన్‌షైర్ డ్యూకుల (మన జమీందారుల్లాంటి ప్రభువుల) మేడ చాట్స్‌వర్త్ చూడ్డానికి వెళ్తూ డెర్వెంట్ నది మీది వంతెన దగ్గర కాసేపు ఆగాం. ఎదురుగా మెట్ట మీద గడియారం, గోపురం ఉన్న పెద్ద రాతి కట్టడం. "ప్యాలెస్ భలే ఉందే" అన్నారు మా అత్తయ్య. ప్యాలెస్ దానికి కాస్త దిగువన ఉంది. ఆవిడ చూసింది గుర్రపు లాయం!

పొరపాటు ఆవిడది కాదు. నాలుగో డెవన్‌షైర్ డ్యూక్ పాత లాయాన్ని కూల్పించి, 1760ల ప్రాంతంలో జేమ్స్ పెయిన్ అనే ఆర్కిటెక్టుతో కొత్తది కట్టించాడు. మేం ఆగిన వంతెన కూడా పెయిన్‌దే. వచ్చే అతిథికి ఏది ఎక్కడి నుంచి కనబడాలో ఆయన ముందే లెక్క వేసుకున్నట్టుంది.

కట్టడం ఒక్కో వైపు సుమారు 190 అడుగులు. నాలుగు పక్కలా రెండంతస్తులు, మధ్యలో మన మండువా లోగిలిలా ఆకాశం కనబడే ముంగిలి. నాలుగు మూలలా పొట్టి గోపురాలు. వాకిలి స్తంభాలు నున్నగా ఉండవు, దిమ్మ మీద దిమ్మ పెట్టినట్టు మొరటుగా ఉంటాయి. చేత్తో తడిమితే కొత్తగా గంట్లు కొట్టించిన సన్నికల్లే. ఈ చుట్టుపక్కల కొండల రాతితో ఒకప్పుడు తిరగలి రాళ్లు చేసేవారని చదివాక ఆశ్చర్యం పోయింది.

కింద 80 గుర్రాలకు చోటు, కమ్మరి కొలిమి. పైన దాణా గదులు, పనివాళ్ల గదులు. బండిలో కాకుండా, లాగే గుర్రం మీదే కూర్చుని తోలేవాణ్ని పోస్టిలియన్ అంటారు. పైన ఒక గది తలుపు మీద 'మూడో పోస్టిలియన్' అని రాసి ఉందట. పేరు కాదు, వరస నంబరు! డ్యూకుల పేర్ల కంటే నాకు అదే గుర్తుండిపోయింది.

చివరి గుర్రాలు 1939లో వెళ్లిపోయాయి. ఇప్పుడు షాపులు, కాఫీ, భోజనం. ఆరో డ్యూక్ 1830లలో వెనక కట్టించిన బండ్ల శాలే రెస్టారెంట్ అయింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జనాన్ని రానిచ్చిన కొత్తల్లో ఇక్కడ దొరికేది కుళాయి నీళ్లేనట. 1975లో 120 పౌండ్లు పెట్టి టీ బల్ల మొదలెట్టారు. మేం తిన్న జాకెట్ పొటాటో (తొక్కతోనే కాల్చిన బంగాళాదుంప) వేడివేడిగా, బాగుంది. ఆవకాయ మాత్రం మా బ్యాగులోదే.

మేడకు టికెట్ కొనాలి, లాయం ముంగిట్లోకి అక్కర్లేదు. మేడ నుంచి లాయానికి ఎక్కుడుదారి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందు లాయం చూసుకుని దిగితే నయం. షెఫీల్డ్ నుంచి బస్సు ఉంది. బస విషయంలో మాత్రం దెబ్బతిన్నాం. మేం దిగిన చోట రాత్రి పదింటికి హీటర్ ఆపేశారు. రెండు దుప్పట్లు కప్పుకుని అత్తయ్య అన్న మాట: "ఆ గుర్రాలే నయం, గడ్డైనా వేసేవారు."