వీధి మొక్కలకు కట్టే నీళ్ల సంచి: ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ చెడుతుంది

వీధి పక్కన నాటిన మొక్క చాలాసార్లు నీళ్లు పోయక కాదు, పోసినవి వేరుకు అందక చస్తుంది. జనం తొక్కి, బండ్లు ఎక్కి గట్టిపడ్డ నేల మీద ట్యాంకరు పైపుతో 75 లీటర్లు రెండు నిమిషాల్లో కుమ్మరిస్తే చాలామటుకు కాలవ పాలవుతుంది. పైన తడి కనిపిస్తుంది, జానెడు లోతున మట్టి పొడిపొడిగానే ఉంటుంది. కాండం చుట్టూ జిప్‌తో బిగించే నీళ్ల సంచి సరిగ్గా ఈ పని కోసమే తయారైంది. ఆ పని బాగా చేస్తుంది కూడా.

మామూలు సైజు సంచిలో సుమారు 75 లీటర్లు పడతాయి. అడుగున ఉన్న సన్న చిల్లుల్లోంచి అవన్నీ దిగడానికి 5 నుంచి 9 గంటలు పడుతుంది. కాండం అడ్డుకొలత 2.5 నుంచి 10 సెంటీమీటర్ల వరకు ఒక సంచి చాలు. అంతకన్నా లావైతే రెండు సంచుల జిప్పులు కలిపి చుట్టాలి. సన్న మొక్కకు మాత్రం కట్టొద్దు: నిండిన సంచి బరువు 75 కిలోలు, నేల కాస్త వాలుగా ఉన్నా మొక్కను తనతో పాటు వంచేస్తుంది. కొమ్మలు నేలకు దగ్గర్లో ఉంటే ఈ నిలువు సంచి ఎక్కదు, గుండ్రటి రింగు రకం తీసుకోవాలి.

నింపడంలో ఒక మెలకువ ఉంది. నాలుగో వంతు నిండగానే పైపు ఆపి, పై పట్టీలు పట్టుకుని సంచిని ఒకసారి పైకి లాగాలి. ఇది మానేస్తే అడుగున మడతలు పడి చిల్లు మూసుకుపోతుంది.

మరుసటి రోజుకూ సంచి నిండుగా కనిపిస్తే సంతోషించకండి, చిల్లులు పూడాయన్నమాట. ట్యాంకరు నీళ్లలోని ఒండ్రు, లోపల పట్టే నాచు దీనికి కారణం. తీగతో పొడిస్తే చిల్లు పెద్దదై నీళ్లన్నీ గంటలోనే కారిపోతాయి. సంచి విప్పి, తిరగేసి, బయటి వైపు నుంచి నీళ్లు చిమ్మి కడగాలి. పైపు మూతికి సన్న జాలీ కడితే ఈ బెడద చాలావరకు తప్పుతుంది. ఇక్కడ అశ్రద్ధ అస్సలు కూడదు. డెంగీ మోసే ఈడిస్ దోమకు వారం పది రోజులు నిలిచిన నీళ్లు దొరికితే చాలు, గుడ్డు దోమై ఎగిరిపోతుంది. జనం ఆరోగ్యం కోసం చెట్లు నాటి, వాటి మొదట్లోనే దోమల్ని పెంచితే అంతకన్నా అన్యాయం లేదు.

రెండో లోపం బెరడుది. సంచి నెలల తరబడి కాండానికి అంటుకుని ఉంటే బెరడు ఆరదు, బూజు పడుతుంది, పురుగు చేరుతుంది. నింపే ముందు ప్రతిసారీ జిప్ తీసి చూడాలి. వానలు పడగానే విప్పేసి, ఆరబెట్టి, నీడలో దాచాలి. సాధారణంగా ముందు పాడయ్యేది జిప్పే, కాబట్టి కొనేటప్పుడు బట్ట కన్నా దాన్నే పరీక్షగా చూడండి.

బంకమట్టిలో వారం వారం లెక్కగా నింపొద్దు. నీళ్లెక్కువైనా తక్కువైనా ఆకు ఒకేలా వాడి పసుపెక్కుతుంది. జానెడు లోతు మట్టి పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టి జిగురుగా ఉంటే ఇంకో రెండు మూడు రోజులు ఆగాలి. ఇసుక నేలలో ఎండ ముదిరితే వారానికి రెండుసార్లు కావాలి.

నాటిన మొదటి రెండు వేసవులకే ఇది సరైన సాధనం. ఆ తర్వాత వేళ్లు బయటికి పాకుతాయి, సంచి మాత్రం మొదట్లోనే తడుపుతుంది. అప్పుడు కొమ్మల అంచు దాకా వెడల్పు పాదు చేసి, పైన ఎండుటాకుల పొర పరచడమే మేలు. నీడ పడ్డ తారురోడ్డు, గోడల ఉపరితలం ఎండలో ఉన్నవాటికన్నా 11 నుంచి 25 డిగ్రీల దాకా చల్లగా ఉండొచ్చు. ఆ నీడ రావాలంటే ముందు మొక్క ఈ రెండేళ్లూ గట్టెక్కాలి. ట్యాంకరు వారానికి ఒక్కసారే వచ్చే వీధికి తప్పక కొనండి. డ్రిప్ పైపులున్న పార్కుకు అక్కర్లేదు. వారానికోసారి విప్పి చూసే మనిషి లేనిచోట కట్టనే కట్టొద్దు.